ప్రేమిస్తే ఎందుకు ఆలస్యం చేశాడు?

ఈ సంచిక ధ్యానభాగము: యోహాను సువార్త 11వ అధ్యాయము, 1 నుండి 44 వచనములు. ఈ పాఠము చదివే ముందు బైబిలు తెరచి దగ్గర పెట్టుకొనండి. చూపు ఆనని వారికి ఇంట్లో పిల్లలెవరైనా చదివి వినిపించవచ్చు.



ఒక సాయంత్రం ఆడవారి వార్డులో ప్రార్థనకు వెళ్లినప్పుడు ఒక అమ్మ దుప్పటి ముఖం మీదికి లాక్కొని పడుకొని ఉన్నది. ఆమెకు గర్భసంచి ముఖద్వారపు క్యాన్సరు. అప్పటికే బాగా ముదిరిపోయింది. మేము మంచం దగ్గరకు రాగానే, "అయ్యగారూ, ఈ రోజు నాకోసం ప్రార్థన చెయ్యొద్దండి" అన్నది. ఎందుకమ్మా అని అడిగాము. "నలభై ఏండ్ల నుంచి ఒక్క ఆదివారం మానలేదు. మందిరం ఊడ్చాను, దశమభాగం ఇచ్చాను, ఉపవాసాలున్నాను. ఆయనకు నామీద ప్రేమ ఉంటే ఇంత నొప్పి ఎందుకు పెడతాడు? ఇంక ఆయన్ని ఏమడగను?" అన్నది. ప్రక్క మంచం వాళ్లు కంగారుపడి, "అట్లా అనకూడదు పిన్నీ, తప్పు" అని వారించబోయారు. మేము ఏమీ చెప్పలేక స్టూలు లాక్కొని ఆమె ప్రక్కన కూర్చున్నాము.

ఆమె ప్రశ్నకు ఆ రాత్రి మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడైనా పూర్తి జవాబు ఉన్నదని చెప్పము. కానీ అదే ప్రశ్నను యేసు ప్రభువు ముఖం మీదే అడిగిన ఇద్దరు ఆడవారు బైబిలులో ఉన్నారు. ఆయన వారిని గద్దించలేదు. అందుకే ఈ నెల వారి ఇంటికి వెళ్దాము.

బేతనియ యెరూషలేముకు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. అక్కడ మార్త, మరియ, వారి తమ్ముడు లాజరు ఉండేవారు. లాజరుకు జబ్బు చేసింది. ప్రభువు అప్పుడు యొర్దాను నది అవతల ఉన్నాడు. అక్కలిద్దరూ ఆయనకు కబురు పంపారు. ఆ కబురు ఎంత చిన్నదో 3వ వచనంలో చూడండి. మా తమ్ముడు నిన్ను ప్రేమిస్తున్నాడు, నీకు ఎన్నోసార్లు భోజనం పెట్టాము అని వారు తమ లెక్క చెప్పలేదు. వెంటనే రమ్మని కూడా అడగలేదు. నువ్వు ప్రేమించేవాడు జబ్బుపడి ఉన్నాడు అన్నారు, అంతే. తమ ప్రేమ మీద కాదు, ఆయన ప్రేమ మీద భారం వేశారు.

ఇక 5, 6 వచనాలు ఒకదాని తరువాత ఒకటి చదవండి. ప్రభువు ఆ ముగ్గురినీ ప్రేమించాడని 5వ వచనం. జబ్బు సంగతి విని కూడా ఉన్నచోటనే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడని 6వ వచనం. మనమైతే ఈ రెండింటి మధ్య "అయినా" అనే మాట పెట్టి ఉండేవాళ్లము. యోహాను వ్రాసిన గ్రీకు భాషలో అక్కడ "కాబట్టి" అనే అర్థమిచ్చే మాట ఉన్నది! ప్రేమించాడు, కాబట్టి ఆగాడు. ఈ మాట మింగుడు పడదు. మాకూ పడలేదు. వార్డులో నొప్పితో మూలుగుతున్న వారి దగ్గర ఈ వచనం చదివి, "చూశారా, ఆలస్యమూ ప్రేమేనండి" అని చెప్పి వచ్చేయడం న్యాయం కాదు. ప్రభువు తానే అలా చేయలేదు. ఆయన నడిచి బేతనియకు వెళ్లాడు. అప్పటికి లాజరును సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది.

మార్త ఎదురు వెళ్లి ఒక మాట అన్నది: నువ్వు ఇక్కడే ఉండి ఉంటే మా తమ్ముడు చచ్చిపోయేవాడు కాదు. కాసేపటికి మరియ వచ్చి ఆయన పాదాల దగ్గర పడి సరిగ్గా అదే మాట అన్నది (21, 32 వచనాలు చూడండి). నాలుగు రోజులుగా ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఆ మాటే అనుకొని ఉంటారని మాకనిపిస్తుంది. అందులో నమ్మకం ఉన్నది, నిష్ఠూరం కూడా ఉన్నది. ఆ రెండూ ఒకే నోటి నుండి వచ్చాయి.

ఒకే మాటకు ప్రభువు ఇద్దరికీ ఒకే జవాబు ఇవ్వలేదు. మార్తతో మాట్లాడాడు, పునరుత్థానం గూర్చి చెప్పాడు. మరియతో ఏమీ చెప్పలేదు. సమాధి ఎక్కడని అడిగి, ఏడ్చాడు. లాజరును లేపబోతున్నానని ఆయనకు ముందే తెలుసు, 11వ వచనంలో శిష్యులతో చెప్పాడు కూడా. ఇంకో గడియలో సంతోషం రాబోతున్నదని తెలిసిన వాడు ఎందుకు ఏడవాలి? ఆ గడియలో ఆ అక్కాచెల్లెళ్లకు నొప్పి నిజం కాబట్టి. తరువాత బాగుంటుందిలే అని ఆయన ఆ నొప్పిని దాటవేయలేదు. రోగులను చూడటానికి వచ్చే సంఘస్థులు ఈ సంగతి బాగా గమనించాలి. కొందరికి మాటలు కావాలి, కొందరికి ప్రక్కన కూర్చొని కన్నీరు పెట్టేవారు కావాలి. మరియ దగ్గరకు వెళ్లి ప్రసంగం చేస్తే ఉపయోగం లేదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. లాజరు లేచాడు. కానీ ఆ రోజు బేతనియలో తక్కిన సమాధులన్నీ మూసే ఉన్నాయి. లాజరు కూడా మరల ఎప్పుడో ఒకనాడు చనిపోయాడు. స్వస్థత కోసం అడగండి, మేమూ మీతో కలిసి అడుగుతాము. అయితే స్వస్థత వచ్చిన వారిని దేవుడు ఎక్కువ ప్రేమించాడనీ, రాని వారిని తక్కువ ప్రేమించాడనీ లెక్క కట్టవద్దు. పౌలు తన శరీరంలో ముల్లు ఒకటి ఉన్నదని, దానిని తీసివేయమని మూడుసార్లు వేడుకొన్నానని వ్రాశాడు (రెండవ కొరింథీయులకు 12వ అధ్యాయము). ముల్లు పోలేదు. పౌలు మీద దేవునికి ప్రేమ లేదని ఎవరనగలరు?

వేలూరు వైద్యురాలు

తెలుగు వారికి వేలూరు కొత్త ఊరు కాదు. చిత్తూరు, తిరుపతి వైపు నుండి ఎందరో బస్సెక్కి రాయవేలూరు పెద్దాసుపత్రికి వెళ్లి వస్తుంటారు. ఐడా స్కడ్డర్ అనే మిషనరీ డాక్టరమ్మ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల అది. అక్కడ చదివిన వారిలో మేరీ వర్గీస్ ఒకరు. 1925లో కేరళలో కొచ్చి దగ్గర చెరాయిలో పుట్టారు. స్త్రీల వ్యాధులలో పై చదువు చదవాలని ఆమె ఆశ. 1954 జనవరిలో తోటి డాక్టర్లతో కలిసి బయటికి వెళ్తుండగా వారి బండి బోల్తాపడింది. ఆమె ముఖానికి గాయమైంది, వెన్నుపాము దెబ్బతిన్నది. నడుము నుండి క్రిందికి చలనమూ స్పర్శా రెండూ పోయాయి. అప్పటికి ఆమెకు ముప్పై ఏండ్లు కూడా నిండలేదు.

వెన్నుపాము అంటే మెదడు నుండి కాళ్లకూ కాళ్ల నుండి మెదడుకూ కబుర్లు మోసే దారి. విరిగిన ఎముక అతుకుతుంది గాని ఈ దారి తెగితే మరల అతకడం లేదు. ఆమె కోసం ఎంతోమంది ప్రార్థించారు. కాళ్లు రాలేదు. నెలల తరబడి మంచం మీద, మూత్రం మీద కూడా అదుపు లేకుండా, ప్రతి చిన్న పనికీ ఇంకొకరి చేతుల మీద ఆధారపడి ఉండవలసి వచ్చింది. నిన్నటి వరకు రోగులకు సేవ చేసిన డాక్టరు నేడు రోగి.

ఆ ఆసుపత్రిలోనే పాల్ బ్రాండ్ అనే ఎముకల డాక్టరు కుష్ఠురోగుల మీద పరిశోధన చేస్తున్నారు. కుష్ఠు వచ్చిన వారి వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అందరూ నమ్మేవారు. అది సరికాదని ఆయన చూపించారు. ఆ జబ్బు నరాలను పాడుచేసి స్పర్శను తీసివేస్తుంది. స్పర్శ లేని చేయి కాలినా తెలియదు, తెగినా తెలియదు. అలా గాయాల మీద గాయాలు పడి, చీము పట్టి, వేళ్లు అరిగిపోతాయి. వంకరపోయిన వేళ్లను, పనిచేసే కండరపు తంతువును మార్చి కుట్టి, మరల పని చేయించే ఆపరేషన్లు ఆయన చేశారు. చేతి ఆపరేషను కూర్చొని చేయవచ్చు. చక్రాల కుర్చీలో కూర్చొని మీరు ఇది చేయగలరని ఆయన మేరీ వర్గీస్ గారికి చెప్పారు. ఆమె నేర్చుకొన్నారు, చేశారు. తన కాళ్లలో స్పర్శ లేని డాక్టరు, చేతులలో స్పర్శ లేని వారికి చేతులు సరిచేశారు.

తరువాత ఆస్ట్రేలియాలో చికిత్స పొందారు, అమెరికాలో న్యూయార్కులో పునరావాస వైద్యం చదివారు. తిరిగి వచ్చి వేలూరులో ఆ విభాగాన్ని నడిపించారు. 1966లో వెన్నుపాము దెబ్బతిన్న వారి కోసం అక్కడ ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. ప్రభుత్వం 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 1986లో ప్రభువునందు నిద్రించారు. చివరి వరకు కాళ్లు రాలేదు.

ఈ కథను చెప్పి, "అందుకే దేవుడు ఆమె వెన్ను విరగనిచ్చాడు" అనే బోధకులున్నారు. మేము అలా చెప్పము. దేవుని లెక్కలు మన చేతిలో లేవు. విరిగిన చోట ఆయన ఆమెను విడిచిపెట్టి వెళ్లలేదని మాత్రం చెప్పగలము. ఆమె ప్రక్కన కూర్చున్న స్నేహితులు, నర్సులు, ఒక డాక్టరు వీరందరి చేతుల ద్వారా ఆ ప్రేమ అందింది.

వెన్ను దెబ్బతిన్న వారు ఇంట్లో ఉంటే ఒక్క మాట. రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పండి. నడుము, మడమలు, తుంటి దగ్గర ఎర్రబడిందేమో రోజూ చూడండి. వారికి నొప్పి తెలియదు, మీ కళ్లే వారికి నొప్పి. అలాగే చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉంటే దాచుకోవద్దు. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలు లేక పన్నెండు నెలలు వాడితే నయమవుతుంది.

"ఏ పాపం చేశావో?"

జబ్బు కంటే ఈ ప్రశ్న ఎక్కువ బాధపెడుతుందని రోగులు మాతో చెప్పారు. అడిగేవారు బయటివారు కాదు, మందిరంలో ప్రక్కన కూర్చునేవారే. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా ఇదే అడిగారు: పాపం వీనిదా, వీని కన్నవారిదా? వీనిదీ కాదు, వారిదీ కాదని ప్రభువు చెప్పాడు (యోహాను 9వ అధ్యాయము). ఆ మాటతో ఆ ప్రశ్నకు తలుపు మూసేశాడని మేము నమ్ముతాము.

యోబు స్నేహితులను చూడండి. వారు చేసిన మంచి పని ఒక్కటే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని ప్రక్కన నేల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. నోరు తెరిచినప్పటి నుండి తప్పు మీద తప్పు మాట్లాడారు. నీవు పాపం చేసి ఉంటావు, ఒప్పుకో అన్నారు. యోబేమో తాను పుట్టిన దినాన్నే శపించాడు, దేవునితో వాదించాడు. చివరి అధ్యాయంలో దేవుడు ఎవరి పక్షాన మాట్లాడాడు? తన సేవకుడైన యోబు మాట్లాడినట్లు మీరు నన్ను గూర్చి సరిగా మాట్లాడలేదని ఆ స్నేహితుల మీదనే కోపించాడు. దేవుని మీద నిష్ఠూరపడిన వాడికంటే దేవుని తరఫున వకాల్తా పుచ్చుకొన్నవారికే దెబ్బలు ఎక్కువ పడ్డాయి.

కాబట్టి ప్రార్థించలేకపోతున్నానని బాధపడే వారు 88వ కీర్తన చదవండి. అది మొదటి నుండి చివరి వరకు చీకటే. చివరి మాట కూడా వెలుగు కాదు. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచుకొన్నాడు.

మందు మ్రింగితే విశ్వాసం తక్కువా?

ఇది చెప్పడానికి మాకు కొంచెం కోపం వస్తుంది, క్షమించండి. ఒక తల్లి తన పదకొండేళ్ల కూతురిని ఎత్తుకొని క్యాజువాలిటీకి వచ్చింది. ఆ పాపకు మూర్ఛ ఉన్నది, మాత్రలతో రెండేళ్లుగా ఫిట్సు లేవు. ఒక కూటంలో ఎవరో తల మీద చేయి వేసి స్వస్థత అయిందని చెప్పి, ఇక మాత్రలు వాడితే అవిశ్వాసమని అన్నారట. మాత్రలు ఆపిన నాలుగో రోజున ఫిట్సు మొదలై ఆగలేదు. ఆ బిడ్డను ప్రభువు బ్రతికించాడు, డాక్టర్లు రాత్రంతా నిలబడ్డారు. కానీ ఆ తల్లి మమ్మల్ని అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉన్నది: "నా విశ్వాసం చాలకనే ఇట్లా అయిందాండి?"

అమ్మా, కాదు. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగని ఫిట్సు రావడం శరీర ధర్మం. క్షయ మందులు మధ్యలో మానితే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. షుగరుకు ఇన్సులిను తీసుకునేవారు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ప్రార్థన తరువాత బాగయినట్లు తోస్తే దేవునికి స్తోత్రం చెప్పండి, తరువాత డాక్టరుకు చూపించండి. మందు తగ్గించాలా, ఆపాలా అనేది పరీక్షలు చూసి వారు చెప్తారు. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు.

లేఖనంలో మందు సిగ్గుపడవలసిన సంగతి కాదు. హిజ్కియా రాజు ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టు కట్టించాడు. పౌలు తిమోతి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని వ్రాశాడు. తన తోటి పనివాడైన త్రోఫిమును జబ్బుతో ఉండగా మిలేతులో విడిచి రావలసి వచ్చిందని కూడా వ్రాశాడు. పౌలు అంతటి వాడు ప్రార్థించినా త్రోఫిము అప్పటికి లేవలేదన్నమాట. పౌలుతో ప్రయాణం చేసిన లూకా వైద్యుడు.

ఆ అమ్మ దగ్గరకు మళ్లీ

స్టూలు మీద కూర్చున్న మేము ప్రార్థన చేయలేదు. నొప్పి ఎంత ఉన్నదమ్మా అని అడిగాము. నాలుగు రాత్రులుగా నిద్ర లేదని అప్పుడు చెప్పింది. నర్సమ్మకు ఎందుకు చెప్పలేదంటే, "శ్రమలు ఓర్చుకోవాలి గదండీ" అన్నది. ఇంకా తరచి అడిగితే, మార్ఫిను మాత్ర వేసుకుంటే అలవాటైపోతుందనీ, అది వేస్తే చావు దగ్గరపడ్డట్టేననీ ఎవరో చెప్పారట.

నొప్పి శరీరానికి కావలివాడు అని పైన కుష్ఠు గురించి చదివారు. అది నిజమే. అయితే కావలివాడు దొంగను చూపించిన తరువాత కూడా రాత్రంతా కేకలు వేస్తుంటే ఇంటివారు ఎలా పడుకుంటారు? క్యాన్సరు నొప్పి అలాంటిది. దాన్ని ఓర్చుకోవడం వల్ల పుణ్యమేమీ లేదు. డాక్టరు చూసి ఇచ్చిన మోతాదులో మార్ఫిను క్యాన్సరు నొప్పికి మంచి మందు. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేళకు వేసుకోవాలి. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికి మందు కలిపి ఇస్తారు. మొదటి రోజుల్లో మత్తుగా, వికారంగా ఉండవచ్చు. నొప్పి కోసం వాడేవారిలో వ్యసనమవడం అరుదు. మాత్రలను పిల్లలకు అందని చోట దాచండి, ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వవద్దు.

డాక్టరమ్మ వచ్చి ఆ రాత్రే మోతాదు మొదలుపెట్టారు, మరునాడు కొంచెం పెంచారు. మూడో రోజు ఉదయం మేము వెళ్లేసరికి ఆమె లేచి కూర్చొని ఇడ్లీ తింటున్నది. "రాత్రి నిద్రపోయానండి" అన్నది. ఏలీయా ప్రవక్త చావు కోరుకొని బదరీ చెట్టు క్రింద పడుకున్నప్పుడు దేవుడు అతనికి ముందు పాఠం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టాడు. మాటలు ఆ తరువాత, కొండ మీద. మేము మంచాల దగ్గర చాలాసార్లు ఈ వరుసను తలక్రిందులు చేశామని ఆ రోజు తెలిసింది.

ఆమె అప్పుడు ఇంకో సంగతి చెప్పింది. నెలసరి ఆగిపోయిన ఎన్నో ఏండ్లకు మళ్లీ రక్తం కనబడితే సిగ్గుపడి ఏడాదికి పైగా ఎవరికీ చెప్పలేదట. రహస్యంగా ప్రార్థించుకొన్నదట. ఆమెను తప్పుపట్టడానికి ఇది వ్రాయడం లేదు, వ్రాయమని ఆమే చెప్పింది. "ఆయన ఆలస్యం చేశాడని నేనన్నాను గానీ, నేనూ చేశాను. మన సంఘంలో ఆడపిల్లలకు చెప్పండయ్యా." కాబట్టి చెప్తున్నాము. నెలసరి ఆగిన తరువాత ఒక్క చుక్క రక్తం కనబడినా, భార్యాభర్తలు కలిసిన తరువాత రక్తం కనబడినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా వెంటనే చూపించుకోండి. ఏ బాధా లేకపోయినా ముప్పై ఏండ్లు దాటిన స్త్రీలు గర్భసంచి ముఖద్వారపు పరీక్ష చేయించుకోవాలి. కొద్ది నిమిషాల పని. మొదట్లోనే కనిపెడితే నయం చేయగలిగిన జబ్బు ఇది.

ఆమె ఆ తరువాత ఏడు నెలలు బ్రతికింది. ఎందుకు అన్న ప్రశ్నను ఆమె ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు. కానీ ప్రార్థన మాత్రం మళ్లీ వద్దనలేదు. యోహాను 11 చదివించుకొని, మార్త మాట వచ్చినప్పుడల్లా "నేనూ అదే అన్నాను" అని తల ఊపేది. చివరి వారం ఇంటికి తీసుకువెళ్లారు. మాత్రలు వేళకు ఇవ్వడం కోడలు నేర్చుకొన్నది. రాత్రిపూట ప్రక్కన కూర్చోవడానికి సంఘంలోని ఆడవారు వంతులు వేసుకొన్నారు. ఎవరూ ప్రసంగం చేయలేదట, ఒకరు కాళ్లు ఒత్తేవారు, ఒకరు పాట పాడేవారు.

వార్డులో ఉన్న వారు రాత్రి రెండు గంటలకు నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగుదామనుకోకండి, నర్సమ్మను పిలవండి. నిద్రపట్టక దేవుని మీద కోపం వస్తే మాకు కబురు చేయండి. ఏ వేళైనా వస్తాము, వచ్చి కూర్చుంటాము.